ఓటమికి విధించే వెల

పల్నాటి సీమలో నాగులేటి ఒడ్డున కారెంపూడి అనే ఊరు ఉన్నది. ఏటా కార్తీక అమావాస్య నాడు అక్కడ వీరుల తిరునాళ్ళు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు రోజులకు ఐదు పేర్లు. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఒక యుద్ధాన్ని ఆ నేల ఇప్పటికీ రోజుకొక ఘట్టంగా తలచుకుంటుంది. ఆ ఘట్టాలలో ఒకటి ఆట. రెండు కోడిపుంజుల మధ్య జరిగిన పందెం. మహాభారతంలోని జూదం తరువాత, ఒక ఆటలో ఓడినందుకు రాజ్యం విడిచి వెళ్ళిన కథగా తెలుగువారికి బాగా తెలిసినది ఇదే. పల్నాటి యుద్ధాన్ని ఆంధ్ర భారతమని పెద్దలు పిలవడానికి ఈ పోలిక కూడా ఒక కారణం.

కథ అందరికీ తెలిసినదే. 12వ శతాబ్దంలో పల్నాటి రాజ్యం అన్నదమ్ముల మధ్య రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు పాలకులయ్యారు. గురజాల పక్షాన నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. ఉభయుల నడుమ కోడిపందెం ఏర్పడింది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యం విడిచి వెళ్ళాలన్నది షరతు. మాచర్ల పక్షం ఓడిపోయింది; మాట తప్పక వలస వెళ్ళింది. గడువు తీరిన తరువాత తమ భాగం తమకు ఇమ్మని రాయబారం పంపింది. ఆ రాయబారం విఫలమైంది. కారెంపూడి రణక్షేత్రమైంది.

ఈ కథలో శౌర్యాన్ని చూసేవారు శౌర్యాన్ని చూస్తారు. కుటిలనీతిని చూసేవారు కుటిలనీతిని చూస్తారు. నేటి విద్యార్థి ఇందులో మరొక విషయాన్ని కూడా చూడవచ్చు. ఆటలో ఓడినవానికి ఎంత దండన విధించాలి? ఆ దండన వానిలోని పట్టుదలను పెంచుతుందా, చంపుతుందా? సెల్‌ఫోన్ తెర మీద వీడియో గేమ్ ఆడే ప్రతి బాలుడూ, బాలికా రోజుకు పదిసార్లు ఎదుర్కొనే ప్రశ్న ఇది. తెర మీద వీరుడు నేలకొరుగుతాడు. ఆ తరువాత ఏమి పోతుంది, ఏమి మిగులుతుంది, ఎక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి అనేది ఆ ఆటను తయారు చేసినవారు ముందే నిర్ణయించి పెడతారు. చిన్న విషయంగా కనిపించే ఆ నిర్ణయంలోనే ఆడేవాని ఉత్సాహం, నిరుత్సాహం రెండూ దాగి ఉన్నాయి.

ఆటలో చావు అనే భావన కంప్యూటరుతో పుట్టినది కాదు. పల్లెల అరుగుల మీద గీసుకున్న గళ్ళలో అది ఎప్పటి నుంచో ఉన్నది. అష్టాచెమ్మా ఆటలో ప్రత్యర్థి పావు వచ్చి తాకితే ఒకరి పావు చచ్చినట్లే. కాని ఆ చావు శాశ్వతం కాదు. చచ్చిన పావు బయలుదేరిన ఇంటికి చేరి, మళ్ళీ ప్రయాణం మొదలుపెడుతుంది. ఎంత దూరం నడిచి చస్తే అంత నష్టం. అడ్డగీతలు గీసిన గళ్ళలో కూర్చున్న పావును ఎవరూ చంపరాదు. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినవాడు మురుస్తుండగానే పాము మింగుతుంది. పై వరుసలలోని పెద్దపాము నోట పడితే ఇంచుమించు ఆట అంతా తిరిగి ఆడవలసిందే. పులిజూదంలో మాత్రం పులి దూకి చంపిన మేక మళ్ళీ రాదు. అయితే పోయినది ఒక మేకే గాని మంద కాదు. మిగిలిన మేకలు జాగ్రత్తగా కదిలితే పులులను కట్టడి చేయగలవు. ఈ మూడు ఆటలలో మూడు రకాల మరణాలు ఉన్నాయి. మూడింటిలోనూ చచ్చినవాడు ఆట వదిలి పోనక్కరలేదు.

ఈ విషయంలో కబడ్డీ అందరికంటె మంచి గురువు. చెడుగుడు అని పిలుచుకునే ఈ ఆటను మన దేశంలో పూర్వం మూడు పద్ధతులలో ఆడేవారు. మొదటిది సంజీవని. ఇందులో ఒక జట్టు ఎదుటివారిలో ఒకరిని ఔట్ చేస్తే, తమలో ఔటైన ఒకడు తిరిగి బరిలోకి వస్తాడు. రెండవది గామిని. ఇందులో ఔటైనవాడు తన జట్టంతా ఔటయ్యేవరకు బయటనే కూర్చోవాలి. మూడవది అమర్. ఇందులో ఔటైనవాడు బయటకు పోడు. ఎదుటివారికి ఒక పాయింటు చేరుతుంది, అంతే. ఒకే ఆట, ఒకే కూత, ఒకే గీత. చావుకు విధించే వెల మాత్రం మూడు రకాలు. కాలక్రమంలో నిలిచి, 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆటగా ప్రవేశించి, 2014 నుంచి ప్రొ కబడ్డీ పోటీల ద్వారా ఇంటింటి టెలివిజన్‌లోకి వచ్చిన కబడ్డీ సంజీవని పద్ధతికి దగ్గరగా ఉన్నది. ఇది ఆలోచించదగిన సంగతి.

సంజీవనిలో ఔటైనవానికి రెండు అనుభవాలు కలుగుతాయి. తన పొరపాటుకు తాను బయట కూర్చోవడం ఒకటి. తన తోటివాడు ఒకరిని పట్టగానే తాను లేచి లోపలికి పోగలనన్న ఆశ రెండవది. మొదటిది లేకపోతే ఆటలో పదును ఉండదు. రెండవది లేకపోతే బయట కూర్చున్నవాడు ప్రేక్షకుడుగా మారిపోతాడు. అంతేకాదు, జట్టులో ముగ్గురో అంతకంటె తక్కువమందో మిగిలినప్పుడు వారు కూతకు వచ్చినవానిని పట్టగలిగితే అదనపు పాయింటు ఇచ్చే నియమం కూడా నేటి కబడ్డీలో ఉన్నది. చిక్కిపోయిన జట్టుకు మరింత దండన వేయడానికి బదులు, పుంజుకునే దారి చూపించే నియమం అది. ఓడుతున్నవాడు కూడా చివరి నిమిషం వరకు మనసు పెట్టి ఆడినప్పుడే ఆట రక్తి కడుతుందని గ్రహించినవారు చేసిన ఏర్పాటు అది.

వీడియో గేముల చరిత్ర కూడా ఈ మూడు పద్ధతుల నడుమనే తిరిగింది. జపానులో 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్, 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ నాణెం వేస్తే ఆడే యంత్రాలు. ఆడేవానికి కొన్ని ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోగానే ఆట ముగుస్తుంది. మళ్ళీ ఆడాలంటే మళ్ళీ నాణెం వేయాలి. అక్కడ చావుకు వెల అక్షరాలా డబ్బే. యంత్రం యజమానికి ఆటగాడు తొందరగా చస్తేనే లాభం. అయితే మరీ తొందరగా చస్తే విసిగి వెళ్ళిపోతాడు. ‘ఇంకొక్కసారి ఆడితే గెలిచేవాడినే’ అనిపించే చోట చంపడమే ఆ వ్యాపారంలోని కిటుకు.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో రోగ్ అనే కంప్యూటర్ గేమ్ పుట్టింది. అందులో ఒక్కటే ప్రాణం. పోతే సంపాదించినదంతా పోయి, మొదటి నుంచి ఆరంభించాలి. 2000 సంవత్సరంలో వచ్చిన డయాబ్లో 2 ఇటువంటి కఠిన మార్గాన్ని ఇష్టపడినవారికి మాత్రమే విడిగా ఏర్పాటు చేసింది. 1989లో విడుదలై, మన దేశంలోనూ ఎందరో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా మరొక వింత దండన విధించింది. రాకుమారుడు ఎన్నిసార్లు చచ్చినా ఆ అంకం మొదటి నుంచి మళ్ళీ బతుకుతాడు. కాని రాకుమార్తెను విడిపించడానికి ఉన్నది అరవై నిమిషాలే. ప్రాణం తిరిగి వస్తుంది, కాలం రాదు. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్‌లో చచ్చినవాడు అనుభవాన్ని కొంత కోల్పోవడమే కాక, తన వస్తువుల కోసం తన శవం పడి ఉన్న చోటికి ప్రమాదాల నడుమ తిరిగి వెళ్ళవలసి వచ్చేది. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ దండనను బాగా తగ్గించింది. ఆత్మరూపంలో శ్మశానం నుంచి శరీరం దాకా నడిచిపోతే చాలు. అంత తేలిక చేసినందుకు ఆ ఆటకు ఆదరణ తగ్గలేదు, పెరిగింది.

దండన కఠినంగానే ఉండాలనే వారి వాదం తీసిపారవేయదగినది కాదు. పోయేది ఏమీ లేని చోట జాగ్రత్త ఉండదు; జాగ్రత్త లేని చోట నేర్పు అలవడదు. లోతు తెలియని కాలువను దాటేవాడు వేసే ప్రతి అడుగునూ చూసి వేస్తాడు. అందులోనే ఒక ఏకాగ్రత ఉన్నది. మిహాయ్ చీక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త 1970వ దశకం నుంచి ఈ తన్మయస్థితిని పరిశీలించాడు. పని యొక్క కష్టం, చేసేవాని నేర్పు సరితూగినప్పుడు మనిషి కాలాన్ని మరచిపోతాడని ఆయన సిద్ధాంతం. కష్టం తక్కువైతే విసుగు, ఎక్కువైతే ఆందోళన. ప్రమాదం బొత్తిగా లేని ఆట ఈ విసుగులోకే జారుతుంది. పాములన్నీ చెరిపివేసిన వైకుంఠపాళిని ఏ పిల్లవాడూ రెండవసారి ఆడడు.

అయితే నష్టానికి మనిషి మనసు వేసే తూకం సమానంగా ఉండదు. డేనియల్ కానెమాన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ సంగతినే చెబుతుంది. వంద రూపాయలు దొరికినప్పటి సంతోషం కంటె వంద రూపాయలు పోయినప్పటి బాధ ఎక్కువ. గంట సేపు కష్టపడి గెలుచుకున్నది ఒక్క క్షణంలో పోయినప్పుడు ఆటగాడు గంటను మాత్రమే లెక్కించడు. ఆ గంటకు మించిన దుఃఖాన్ని అనుభవిస్తాడు. దండన నిర్ణయించేవారు తమ తక్కెడలో కాక, పోగొట్టుకున్నవాని తక్కెడలో దానిని తూచవలసి ఉంటుంది.

ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. 1967లో మార్టిన్ సెలిగ్‌మాన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఏమి చేసినా తప్పించుకోలేని విద్యుదాఘాతాలకు అలవాటుపడిన కుక్కలలో అనేకం, తరువాత తప్పించుకునే మార్గం ఎదుట ఉన్నప్పటికీ ప్రయత్నించకుండా పడి ఉండిపోయాయి. వాటిని కదలనివ్వనిది బాధ మాత్రమే కాదు. తమ ప్రయత్నానికీ, ఫలితానికీ సంబంధం లేదన్న భావన. ఆటలోని దండన కూడా ఇటువంటిదే. ‘నేను ఫలానా పొరపాటు చేశాను కాబట్టి చచ్చాను’ అని ఆటగానికి తెలిస్తే ఆ చావు పాఠమవుతుంది. ‘ఏమి చేసినా చంపుతారు’ అనిపిస్తే అదే చావు నిస్పృహ అవుతుంది. కాబట్టి దండన ఎంత పెద్దది అనే దానికంటె, అది అర్థమయ్యేదా కాదా అన్నది ముఖ్యం.

2011లో వచ్చిన డార్క్ సోల్స్ అనే గేమ్ కఠినత్వానికి పేరుపడింది. అందులో చచ్చినవాని చేతిలో ఉన్న సొమ్ము చచ్చిన చోటనే పడిపోతుంది. తిరిగి అక్కడికి వెళ్ళి తీసుకోవడానికి ఒక్క అవకాశం ఉంటుంది. దారిలో మళ్ళీ చస్తే అది శాశ్వతంగా పోతుంది. ఇంత కఠినమైన ఆటను లక్షలాదిమంది పట్టువిడవకుండా ఎందుకు ఆడారు? ఎందుకంటే అది సొమ్మును తీసుకున్నది గాని నేర్పును తీసుకోలేదు. ఏ మలుపులో శత్రువు పొంచి ఉన్నాడో, ఎవని దెబ్బను ఎట్లా తప్పుకోవాలో ఆటగానికి ఇప్పుడు తెలుసు. తెర మీది వీరుడు మొదటికి వచ్చినా, ఆడేవాడు మొదటికి రాడు. మరొకవైపు 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్‌లో పర్వతం ఎక్కే బాలిక వందలసార్లు పడిపోతుంది. పడిన మరుక్షణమే దగ్గరి చోటు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. ఎక్కవలసిన కొండ మాత్రం కష్టమైనదే. కష్టం వేరు, దండన వేరు అని ఈ ఆట స్పష్టం చేస్తుంది. కష్టాన్ని పెంచి దండనను తగ్గించవచ్చు. పాఠశాల నడిపేవారూ, పిల్లలను పెంచేవారూ తరచు ఈ రెండింటినీ ఒకటిగా భావించి పొరబడుతుంటారు.

దండన వల్ల ఎవరికి లాభం అని అడగడం కూడా అవసరం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఐదు ప్రాణాలు ఉంటాయి. అవి అయిపోతే ఒక్కొక్క ప్రాణం కోసం అరగంట వేచి ఉండాలి. లేదా డబ్బు చెల్లించాలి. ఆ నిరీక్షణ ఆటగానికి ఏమీ నేర్పదు. వాని ఆత్రుత మాత్రం వ్యాపారికి పెట్టుబడి అవుతుంది. ఇక డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ తెర మీద పోయినది ఇంట్లో కూడా పోతుంది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే వాటిని నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. పందెం ఒడ్డినవానికి బదులు కత్తి కట్టిన పుంజు చచ్చే కోడిపందెం కూడా చట్టవిరుద్ధమే. ఆటలోని చావు ఆటలోనే ఉండాలి. అది గడపదాటి బతుకులోకి వచ్చినప్పుడు దానికి ఆట అనే పేరు చెల్లదు.

ఈ వెలుగులో పల్నాటి కథను మళ్ళీ చదివితే కొత్త అర్థం స్ఫురిస్తుంది. ఏడేండ్ల వలస చిన్న దండన కాదు. ఊరు, ఇల్లు, పొలం, గుడి విడిచి, పశువుల మందలను తోలుకొని పోవాలి. వలసలో ఉన్నవారి మందల మీద కూడా దాడి జరిగిందని వీరగాథ చెబుతుంది. తిరునాళ్ళలో మందపోరు ఆ ఘట్టానికి గుర్తు. అయినప్పటికీ ఓడినవారు షరతును తిరస్కరించలేదు. కత్తులు ఉన్నవారే, శూరులే. కాని మాటకు కట్టుబడి వెళ్ళిపోయారు. వారిని నిలిపినవి రెండు. వలసకు ఒక గడువు ఉండడం మొదటిది. ఏడు అనే లెక్క ఉన్నది కాబట్టి ప్రతి ఏడూ ఒకటి తగ్గుతుందన్న ఓదార్పు ఉన్నది. ఒక్కరుగా కాక అందరూ కలిసి వెళ్ళడం రెండవది. కులభేదం పాటించక ఒకే చాప మీద చాపకూడు కుడిచినవారని పేరుపొందిన జనం అది. బయట కూర్చున్న కబడ్డీ ఆటగానికి తోటివారి కూత ఎట్లా ఆశ కలిగిస్తుందో, వలసలో ఉన్నవానికి తోటివాడు అట్లా ఆశ కలిగిస్తాడు.

యుద్ధం రావడానికి కారణం కోడి ఓడిపోవడం కాదు. ఓడినందుకు విధించిన దండనా కాదు. దండన అనుభవించి తిరిగి వచ్చినవారికి తలుపు తెరవకపోవడం. రాయబారిగా వెళ్ళిన అలరాజు నలగామునికి స్వయాన అల్లుడు. అతడు విషప్రయోగానికి బలి అయ్యాడు. ఏడేండ్లు మోసిన ఆశ ఆ ఒక్క ఘట్టంతో ఆవిరైంది. ఆ తరువాత కారెంపూడిలో రెండు పక్షాలలోనూ మిగిలినవారు కొందరే. గెలిచినవాడు కూడా శూన్యమైన రాజ్యాన్నే చూశాడు. ఓడినవాడు దండనను భరించగలడు. తిరిగి వచ్చే దారి మూసుకుపోవడాన్ని భరించలేడు. నిరాశకు లోనైనవాడు ఆట వదిలిపోతాడు, లేదా ఆట బల్లనే తలకిందులు చేస్తాడు. మాచర్ల పక్షం రెండవ దారి పట్టింది.

ఈ చర్చ వీడియో గేములతో ఆగిపోయేది కాదు. నరసరావుపేట కళాశాలలో చదివే విద్యార్థికైనా, మాచర్ల, గురజాలలలో చదివేవారికైనా ఇంటర్మీడియట్ పరీక్ష ఒక పెద్ద అంకం. ఒక సబ్జెక్టు తప్పిన విద్యార్థి ఒక సంవత్సరం నష్టపోవడం ప్రిన్స్ ఆఫ్ పర్షియాలోని గడియారం వంటిది; పరీక్ష మళ్ళీ రాయవచ్చు గాని కాలం తిరిగి రాదు. ఆ నష్టాన్ని తగ్గించడానికే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు వచ్చాయి. తప్పినవారు అదే వేసవిలో మళ్ళీ రాసి, ఉత్తీర్ణులైతే తోటివారితో పాటే పై తరగతికి వెళ్ళవచ్చు. దీనివల్ల చదువు విలువ తగ్గిందని కొందరు గొణిగారు. నిజానికి ప్రశ్నపత్రం కష్టం తగ్గలేదు. తప్పినందుకు చెల్లించే వెల మాత్రమే తగ్గింది. సంజీవని పద్ధతి విద్యారంగంలోకి వచ్చిందని చెప్పవచ్చు.

అయినా నియమం మారినంత తొందరగా మనసులు మారలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం తెలుగు నేలను కలచివేసింది. అటువంటి దుర్వార్తలు తెలుగు పత్రికలలో ఆ ఒక్క ఏటితో ఆగలేదు. పరీక్ష తప్పితే పోయేది ఒక ప్రయత్నం మాత్రమే. కాని ఇరుగుపొరుగుల మాటలు, పత్రికలలో ర్యాంకుల ప్రకటనలు, తల్లిదండ్రుల మౌనం కలిసి ఆ చిన్న నష్టాన్ని అంతులేని వలసగా చూపిస్తాయి. నియమావళిలో తిరిగి వచ్చే దారి ఉన్నా, ఇంట్లో ఆ దారి మూసి ఉంటే బాలుడు దానిని చూడలేడు. ఫలితాల రోజున ‘మళ్ళీ రాద్దువులే నాయనా, అన్నం తిను’ అనే ఒక్క మాట ఎన్ని గ్రంథాల మనస్తత్వశాస్త్రానికైనా సమానం. ఆ మాట ఇంట్లో వినపడనప్పుడు అధ్యాపకుడో, స్నేహితుడో ఆ మాట చెప్పవలసి ఉంటుంది. దుఃఖం మోయలేనిదిగా తోచినప్పుడు ఎవరితోనైనా చెప్పుకోవడం ఓటమి కాదు, జట్టును పిలవడం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. జీవితం వీడియో గేమ్ కాదు, అందులో రెండవ ప్రాణం ఉండదు, కాబట్టి పిల్లలకు మొదటి నుంచే కఠినమైన దండన అలవాటు చేయాలని కొందరి వాదం. జీవితంలో రెండవ ప్రాణం లేదన్నది నిజమే. అందుకే ఆ ఒక్క ప్రాణానికి ఎన్నో ప్రయత్నాలు ఉండాలి. రైతు ఒక కారు పంట పోతే మరుసటి కారుకు నాగలి పట్టుకోవడం పల్నాటి మెట్ట నేలలో తరతరాలుగా ఉన్నదే. మిరపకు తెగులు సోకి నష్టపోయినవాడు ఆ ఏడు ఎందుకు పోయిందో గ్రహించి, మరుసటి ఏడు విత్తనమో, అదనో మార్చుకుంటాడు. వానికి విత్తనం, అప్పు, ధైర్యం అందినంతకాలం వాడు సేద్యం వదలడు. దారులన్నీ మూసుకున్నప్పుడే పొలం బీడు పడుతుంది. జీవితం కఠినమైనదనే మాట నిజమైతే, తిరిగి లేవడం నేర్పే చోట్లు అంత ఎక్కువగా ఉండాలి. ఆటస్థలం అటువంటి చోటు. తరగతి గది కూడా అటువంటి చోటే కావాలి.

కాబట్టి మంచి దండనకు మూడు లక్షణాలు ఉండాలని చెప్పవచ్చు. అది పొరపాటుకు తగినంతగా ఉండాలి. గంట పొరపాటుకు ఏడాది శ్రమను లాగుకోరాదు. అది ఎందుకు వచ్చిందో పడినవానికి తెలియాలి. అన్నిటికంటె ముఖ్యంగా దానికి ఒక గడువు ఉండాలి. గడువు తీరిన నాడు ఇచ్చిన మాట నిలవాలి. ఈ మూడూ ఉన్న చోట మనిషి ఎంత కష్టమైన ఆటనైనా ఇష్టపడి ఆడతాడు. ఈ మూడూ లేని చోట బహుమతులు ఎన్ని గుమ్మరించినా ఆడేవాని మనసు ఆటలో ఉండదు.

కారెంపూడిలో తిరునాళ్ళు జరిగే ఐదు రోజులలో జనం వీరుల ఆయుధాలకు మొక్కుతారు. ఆ కొణతాల వెనుక ఒక కోడిపోరు ఉన్నది. ఆ కోడిపోరుకూ, యుద్ధానికీ మధ్య ఏడేండ్ల ఓర్పు ఉన్నది. ఓడినవారు ఆ ఓర్పును చూపారు. గెలిచినవారు దానిని గౌరవించి ఉంటే నాగులేరు ఎర్రబారి ఉండేది కాదు. ఆట గెలవడం ఎట్లాగో నేర్పేవారు లోకంలో చాలామంది ఉన్నారు. గెలిచిన తరువాత, ఓడినవాడు తిరిగి వచ్చే తలుపును తెరిచి ఉంచడం అంతకంటె గొప్ప విద్య. పల్నాడు దానిని చాలా వెల చెల్లించి నేర్చుకున్నది.